ఇన్వైట్ అంటే జామీను సంతకం: పరీక్ష పాసై లోపలికెళ్లే మ్యూజిక్ సైట్ల కథ

ఈరోజు ఒక పరీక్ష గురించి మాట్లాడుకుందాం. దీనికి ఫీజు లేదు, హాల్‌టికెట్ లేదు. పాసైతే ఉద్యోగం రాదు, సర్టిఫికెట్ కూడా రాదు. అయినా ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం రాత్రుళ్లు మేలుకుని, క్యూలో గంటలు గంటలు వెయిట్ చేసి మరీ ఈ పరీక్ష ఇచ్చేవాళ్లు. పాసైతే వచ్చేది ఒక్కటే, ఒక వెబ్‌సైట్‌కి లాగిన్.

ఆ సైట్ పేరు వాట్ డాట్ సీడీ. మ్యూజిక్ ఫైళ్లు పంచుకునే సైట్, సభ్యులకి మాత్రమే. 2007 అక్టోబర్‌లో మొదలై 2016 నవంబర్ 17న ఆగిపోయింది.

ఆగిపోయిన ఆ రాత్రి నాకు బాగా గుర్తు. నేను బీటెక్ థర్డ్ ఇయర్. నోట్ల రద్దయి పది రోజులు కూడా కాలేదు, హాస్టల్లో ఎవరిని కదిపినా ఏ ఏటీఎంలో డబ్బులున్నాయన్న మాటే. పై ఫ్లోర్‌లో ఒక ఫైనల్ ఇయర్ సీనియర్ ఉండేవాడు. పేరు చెప్పొద్దన్నాడు కాబట్టి అన్న అనే అంటాను. నేను వెళ్లేసరికి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అదే పేజీ మళ్లీ మళ్లీ రిఫ్రెష్ చేస్తున్నాడు. నన్ను చూసి "పోయింది రా" అన్నాడు. వాళ్లింట్లో ఎవరో పోయారేమో అనుకుని భయపడ్డాను.

ఏం పోయిందో ఆ రోజు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది. ఈ ఎపిసోడ్ దాని గురించే.

ముందే ఒక మాట. ఎక్కడ ఎలా చేరాలో చెప్పే వీడియో కాదిది. పర్మిషన్ లేకుండా కాపీరైట్ ఉన్న పాటలు పంచడం నేరం. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 63 ప్రకారం 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. నేను చెప్తున్నది చరిత్ర. అందులో మంచీ ఉంది, చెడూ ఉంది. రెండూ చెప్తాను.

పరీక్షలో ఏం అడిగేవాళ్లు

సినిమా రిలీజైన రాత్రికే లింక్ వచ్చే సైట్లు మనందరికీ తెలుసు. అక్కడ ఎవరైనా వెళ్లొచ్చు, నాలుగు యాడ్లు మూసేస్తే సినిమా ప్లే అవుతుంది. వాట్ డాట్ సీడీలో అలా కుదరదు. లోపలికి వెళ్లడానికి రెండే దారులు. ఉన్న సభ్యుడు ఎవరైనా మీకు ఇన్వైట్ ఇవ్వాలి, లేదా ఇంటర్వ్యూ పాసవ్వాలి.

ఇంటర్వ్యూ జరిగేది ఐఆర్‌సీలో. అది 1988లో పుట్టిన చాట్ పద్ధతి, మన వాట్సాప్ గ్రూపులకి తాత అనుకోండి. అక్కడ క్యూలో పేరు ఇచ్చి కూర్చోవాలి. ఇంటర్వ్యూ చేసేవాళ్లు జీతం లేని వాలంటీర్లు. వాళ్లకి ఎప్పుడు తీరికైతే అప్పుడు పిలుపు. అది మనకి తెల్లవారుజామున మూడు గంటలు కావచ్చు. మీరు ఆ టైమ్‌కి నిద్రపోయారా, ఛాన్స్ పోయినట్టే.

సిలబస్‌లో దాపరికం లేదు. చదువుకోవాల్సిన మెటీరియల్ వాళ్లే బయట పెట్టారు. కానీ ఇంటర్వ్యూలో దాన్ని చూసి కాపీ కొడుతున్నారని తెలిస్తే గెంటేసేవాళ్లు. ఫెయిలైతే రెండు రోజులు ఆగి మళ్లీ రావాలి. మొత్తం మూడు ఛాన్సులు.

ప్రశ్నలు ఎలా ఉండేవంటే, మన ల్యాబ్ రికార్డుతో పోల్చి చెప్తాను. ఒరిజినల్ రికార్డు మీ దగ్గరుంది. అది ఆడియో సీడీ. దాన్ని మడతపెట్టి కవర్లో పెట్టారు, తీస్తే ఒక్క అక్షరం పోదు. అది ఫ్లాక్ ఫార్మాట్. దాన్ని జెరాక్స్ తీశారు, చదవడానికి బాగానే ఉంటుంది గానీ సన్నని గీతలు కొన్ని పోయాయి. అది ఎంపీ3. ఇప్పుడు ఆ జెరాక్స్‌ని మళ్లీ జెరాక్స్ తీసి, మంచి బైండింగ్ చేయించి "ఇదే ఒరిజినల్" అని సబ్మిట్ చేశారు. దాన్నే ట్రాన్స్‌కోడ్ అంటారు. వాట్ డాట్ సీడీలో అన్నిటికన్నా పెద్ద తప్పు ఇదే.

మరి ఎలా పట్టుకుంటారు? పాటని స్పెక్ట్రమ్ గ్రాఫ్‌గా గీస్తే దొరికిపోతుంది. 128 కేబీపీఎస్ ఎంపీ3లో మామూలుగా 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్న శబ్దం కోసేసి ఉంటుంది. ఆ ఫైల్‌ని ఎంత పెద్ద ఫార్మాట్‌లోకి మార్చినా కోసిన చోటు గ్రాఫ్‌లో గోడలా కనిపిస్తుంది. ఇంటర్వ్యూలో ఇలాంటి గ్రాఫులు చూపించి, ఏది అసలు, ఏది నకిలీ అని అడిగేవాళ్లు.

ఫ్రీగా పాటలు పంచుకునే చోట ఇంత పట్టింపు ఎందుకు? దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

తలుపు ఎందుకు పెట్టారు

1999లో నాప్‌స్టర్ వచ్చింది. తలుపే లేని ఇల్లది. ఎవరైనా రావచ్చు, ఎవరి కంప్యూటర్‌లో పాటైనా తీసుకోవచ్చు. రికార్డు కంపెనీలు కోర్టుకి వెళ్లాయి, 2001 జులైకి సర్వీస్ ఆగిపోయింది.

అదే 2001లో బ్రామ్ కోహెన్ అనే ప్రోగ్రామర్ బిట్‌టొరెంట్ తెచ్చాడు. ఇందులో ఫైల్‌ని చిన్న చిన్న ముక్కలు చేస్తారు. మీరు ఒక ముక్క తీసుకుంటూనే, మీ దగ్గరున్న ఇంకో ముక్కని వేరేవాళ్లకి ఇస్తారు. ఎవరి దగ్గర ఏ ఫైల్ ఉందో చెప్పే సర్వర్‌ని ట్రాకర్ అంటారు. ఫైల్ మాత్రం ట్రాకర్‌లో ఉండదు, అది సభ్యుల కంప్యూటర్లలోనే ఉంటుంది. ఈ పాయింట్ గుర్తుంచుకోండి, తర్వాత కోర్టులో పనికొస్తుంది.

డిజైన్ అద్భుతం. కానీ ఒక చిక్కుంది. డౌన్‌లోడ్ అవుతున్నంతసేపే ఇచ్చి పుచ్చుకోవడం. అయిపోయాక ఆగాల్సిన పనేంటి? పెళ్లి భోజనంలో మొదటి బంతిలో తిన్నవాళ్లంతా చేయి కడుక్కుని వెళ్లిపోతే, రెండో బంతికి వడ్డించేదెవరు? కొత్త హిట్ ఆల్బమ్ అయితే పర్లేదు, వందల మంది ఉంటారు. ముప్పై ఏళ్ల కిందటి ఆల్బమ్ అయితే వారంలో చచ్చిపోతుంది.

దీనికి కొందరు కనిపెట్టిన మార్గం ప్రైవేట్ ట్రాకర్. ప్రతి సభ్యుడికీ ఒక రహస్య కీ ఇస్తారు. ఎంత తీసుకున్నారో ఎంత ఇచ్చారో దాని మీద లెక్క పడుతుంది. ఇచ్చినదాన్ని తీసుకున్నదానితో భాగిస్తే వచ్చేది రేషియో. అది మరీ పడిపోతే అకౌంట్ కట్.

మన హాస్టళ్లలో డీసీ ప్లస్ ప్లస్ వాడినవాళ్లకి ఇది కొత్తేం కాదు. మా హబ్‌లో కనెక్ట్ అవ్వాలంటే ముందు మన దగ్గర ఇన్ని జీబీలు షేర్‌లో పెట్టాలి అనే రూల్ ఉండేది. ఫస్ట్ ఇయర్ పిల్లలు విండోస్ ఫోల్డర్ మొత్తం షేర్‌లో పెట్టి దొరికిపోయేవాళ్లు. నేనూ దొరికాను.

తలుపు పెట్టడానికి రెండో కారణం భయం. 2004 డిసెంబర్‌లో అప్పటి పెద్ద ఓపెన్ టొరెంట్ సైట్ సుప్రనోవా మూతపడింది. 2005 మేలో అమెరికాలో ఎఫ్‌బీఐ ఎలీట్ టొరెంట్స్ అనే సైట్‌ని మూయించింది. అక్కడ అప్పటి కొత్త స్టార్ వార్స్ సినిమా థియేటర్లకి రాకముందే బయటికొచ్చింది. ఒక్క విషయం గమనించండి. ఎలీట్ టొరెంట్స్ కూడా సభ్యత్వం ఉన్న సైటే. తలుపు పెట్టినంత మాత్రాన పోలీసులు రాకుండా ఉండరు. అయినా ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు.

పంది గుర్తు ప్యాలెస్

ఇప్పుడు ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బ్రో అనే ఊరికి వెళ్దాం. 2004లో అలన్ ఎలిస్ అనే కుర్రాడు తన స్కిల్స్ పెంచుకోవడానికి ఒక సైట్ తయారుచేశాడు. పేరు ఓయింక్స్ పింక్ ప్యాలెస్. ఓయింక్ అంటే ఇంగ్లిష్‌లో పంది చేసే చప్పుడు. పేరు కామెడీగా ఉన్నా రూల్స్ చాలా స్ట్రిక్ట్. నాసిరకం ఫైల్ పెడితే తీసేస్తారు, ఇన్వైట్ లేనిదే రానివ్వరు. మూడేళ్లలో సుమారు 1,80,000 మంది సభ్యులయ్యారు.

ఎంత మంచి కలెక్షన్ అంటే, నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ నడిపే ట్రెంట్ రెజ్నర్, అంటే ఈ పైరసీ వల్ల నష్టపోయే ఆర్టిస్టుల్లో ఒకడు, తనకి అక్కడ అకౌంట్ ఉండేదని ఇంటర్వ్యూలో ఒప్పుకున్నాడు. అంత మంచి రికార్డుల షాపు ఇంకోటి లేదన్నట్టు మాట్లాడాడు. అప్పటికి డబ్బులిచ్చి కొందామన్నా అలాంటి షాపు ఎక్కడా లేదు మరి.

2007 అక్టోబర్ 23న బ్రిటన్, నెదర్లాండ్స్ పోలీసులు కలిసి రెయిడ్ చేశారు. సర్వర్లు ఆమ్‌స్టర్‌డామ్‌లో, మనిషి మిడిల్స్‌బ్రోలో. ఎలిస్ వయసు అప్పటికి 24. పేపాల్ ఖాతాల్లో సభ్యుల విరాళాలు సుమారు 3 లక్షల డాలర్లు దొరికాయి. ఇంత డబ్బున్నాక ఇది సరదాకి నడిపిన సైట్ ఎలా అవుతుందని ప్రాసిక్యూషన్ అడిగింది. ఎలిస్ తరపు వాదన ఏంటంటే, నా సర్వర్‌లో ఒక్క పాట కూడా లేదు, ఎక్కడుందో చూపించానంతే, సెర్చ్ ఇంజన్ చేసేదీ అదే కదా అని. 2010 జనవరిలో టీసైడ్ క్రౌన్ కోర్టులో జ్యూరీ అతన్ని నిర్దోషి అంది. పాటలు ఎక్కించినందుకు నేరం ఒప్పుకున్న కొందరు సభ్యులకి మాత్రం అంతకుముందే శిక్షలు పడ్డాయి. కట్టినవాడు బయటపడ్డాడు, వాడినవాళ్లు ఇరుక్కున్నారు. ఇది చాలామంది మర్చిపోతారు.

ఓయింక్ మూతపడిన వారంలోపే వాట్ డాట్ సీడీ పుట్టింది. ఓయింక్ నుంచి బయటపడ్డ వేలమంది అక్కడ చేరారు.

రేషియో లెక్క

ఇంజినీర్లకి నచ్చే భాగం ఇది. ఒక సైట్‌లో అందరూ అప్‌లోడ్ చేసింది మొత్తం కలిపితే, అందరూ డౌన్‌లోడ్ చేసిందానికి సమానం. నేను ఇచ్చిన ప్రతి ముక్కా ఎవరో ఒకరు తీసుకున్నదే కదా. కాబట్టి ఒకరి రేషియో 3 ఉందంటే, ఇంకెక్కడో కొందరి రేషియో 1 కన్నా కింద ఉన్నట్టే. అందరూ ఫస్ట్ ర్యాంక్ తెచ్చుకోలేని క్లాసు అన్నమాట.

ఎవరు పైన ఉంటారు? ఫాస్ట్ ఇంటర్నెట్ ఉన్నవాళ్లు. యూరప్‌లో సీడ్‌బాక్స్ పేరుతో సర్వర్ అద్దెకి తీసుకుని, కొత్త ఆల్బమ్ రాగానే అందరికన్నా ముందు పట్టుకుని పంచేవాళ్లు. మన దగ్గర పరిస్థితి వేరు. అప్పటి బ్రాడ్‌బ్యాండ్‌లో డౌన్‌లోడ్ స్పీడే అంతంతమాత్రం, అప్‌లోడ్ ఇంకా తక్కువ. నెలకి ఇన్ని జీబీలు దాటితే స్పీడ్ పడిపోయే ప్లాన్లు. హాస్టల్ నెట్ అయితే బయటివాళ్లు మన కంప్యూటర్‌కి కనెక్ట్ కూడా కాలేరు. ఇవ్వాలని ఉన్నా ఇవ్వలేం.

అలాంటివాళ్లకి మిగిలిన దారి ఒక్కటే. సైట్‌లో లేనిది తేవడం. ఎవరి దగ్గరా లేని ఆల్బమ్ మీరొక్కరే పెడితే, కావాల్సినవాళ్లంతా మీ దగ్గరికే రావాలి.

అన్న చేసింది అదే. అన్న వాళ్ల నాన్నగారికి తొంభైల నాటి ఇళయరాజా ఆడియో సీడీలు కొన్ని ఉండేవి, అమెరికాలో ఉన్న బాబాయి వచ్చినప్పుడల్లా తెచ్చినవి. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు అన్న ఒక్కో సీడీని జాగ్రత్తగా రిప్ చేసేవాడు. రిప్‌లో తప్పుల్లేవని చూపించే లాగ్ ఫైల్, ముందు అట్ట స్కాన్, వెనక అట్ట స్కాన్, ఏ పాట ఎవరు రాశారు, ఎవరు పాడారు, ఈ సీడీకీ ఆ తర్వాత వచ్చిన సీడీకీ సౌండ్‌లో తేడా ఏంటి, అన్నీ రాసి ఎక్కించేవాడు. ఫిన్లాండ్ నుంచి ఒకాయన థ్యాంక్స్ చెప్పాడని మాకు స్క్రీన్ చూపించాడు. తెలుగు ఒక్క ముక్క రానివాడు.

వాట్ డాట్ సీడీలో రెండు వారాల సభ్యత్వం, 25 జీబీ అప్‌లోడ్, 1.05 రేషియో, సొంతంగా ఎక్కించిన 5 టొరెంట్లు ఉంటే పవర్ యూజర్ అనే హోదా వచ్చేది. ఆ హోదాతో లోపల ఇంకో గది తెరుచుకునేది. అక్కడికి వేరే సైట్లవాళ్లు వచ్చి "మా దగ్గరికి రండి" అని ఇన్వైట్లు ఇచ్చేవాళ్లు. సినిమాలకి ఒకటి, పుస్తకాలకి ఒకటి. ఒక తలుపు వెనక ఇంకో తలుపు. కొంతమందికి పాటల మీదకన్నా ఈ తలుపుల మీదే మోజు ఎక్కువైపోయింది. చేరిన చోట ఒక్క పాట వినరు, లిస్ట్‌లో ఇంకో సైట్ చేరిందా లేదా అన్నదే లెక్క.

నా జామీను కథ

ఇన్వైట్ అంటే ఏంటో నాకు దెబ్బ తగిలాకే తెలిసింది.

చిట్‌ఫండ్ పాడుకున్నప్పుడు జామీను సంతకం పెట్టమంటారు కదా, ఇన్వైట్ అచ్చం అదే. ఎవరు ఎవరిని తెచ్చారో సైట్‌లో ఒక చెట్టులా నమోదై ఉంటుంది. మీరు తెచ్చినవాడు తప్పు చేస్తే మిమ్మల్నీ అడుగుతారు. ఇన్వైట్ అమ్మితే ఆ కొమ్మ మొత్తం నరికేస్తారు.

సెకండ్ ఇయర్‌లో అన్న నన్ను ఒక చిన్న సైట్‌కి తీసుకెళ్లాడు. పేరు చెప్పను. పెద్ద చోటికి వెళ్లే ముందు ఇక్కడ నేర్చుకో అన్నాడు. ఆరు నెలలు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఉన్నాను, నాకూ ఒక ఇన్వైట్ వచ్చింది. నా రూమ్మేట్ అడిగాడు. "మామా, నాక్కూడా ఇవ్వరా, నీ పేరు చెడగొట్టను" అన్నాడు. రోజూ ఒకే కంచంలో తినేవాళ్లం, ఆలోచించకుండా ఇచ్చేశాను.

వాడు మూడు నెలల తర్వాత తన అకౌంట్‌ని ఆన్‌లైన్‌లో ఎవరికో 500 రూపాయలకి అమ్మేశాడు. సెమిస్టర్ ఫీజు కట్టే టైమ్, డబ్బులు అవసరమయ్యాయంట. కొన్నవాడు అప్‌లోడ్ లెక్కలు దొంగగా పెంచే సాఫ్ట్‌వేర్ వాడాడు. సైట్ వాళ్లు పట్టుకున్నారు. వాడి అకౌంట్ పోయింది, నాది పోయింది. ఒక మెట్టు పైకి వెళ్లి, నన్ను తెచ్చిన అన్న అకౌంట్ కూడా తీసేశారు. అన్న ఆ సైట్‌లో మూడేళ్ల నుంచి ఉన్నాడు.

అన్న దగ్గరికి వెళ్లి సారీ చెప్పాను. తిడతాడనుకున్నాను. "వాడికి ఇచ్చే ముందు వాడేం వింటాడో ఒక్కసారైనా అడిగావా?" అన్నాడు. అడగలేదు. రెండేళ్లు ఒకే రూమ్‌లో ఉండి కూడా వాడికి ఏ పాటలు ఇష్టమో నాకు తెలీదు.

అప్పటిదాకా ఈ రూల్స్ అన్నీ పొగరనుకునేవాణ్ణి. సగం పొగరే, కాదనను. నా తప్పు లేకుండా అన్నకి శిక్ష పడింది చూడండి, అది న్యాయం అని ఇప్పటికీ అనను. కానీ పేర్లు, ముఖాలు తెలియని లక్షమంది ఒకరినొకరు నమ్మాలంటే ఏదో ఒక పూచీ కావాలి. వాళ్లకి దొరికింది ఇదే.

లోపల ఏముండేది

మూతపడే నాటికి వాట్ డాట్ సీడీలో పది లక్షలకు పైగా రిలీజులు ఉన్నాయి. ఒకే ఆల్బమ్‌కి జపాన్ ప్రింట్ వేరు, అమెరికా ప్రింట్ వేరు, ఎల్‌పీ నుంచి తీసింది వేరు. ఏది ఏదో పక్కనే రాసి ఉండేది. దాన్ని నడిపిన గజెల్ అనే సాఫ్ట్‌వేర్‌ని వాళ్లే రాసి ఓపెన్ సోర్స్ చేశారు. నేను ఉద్యోగంలో చేరాక ఆ కోడ్ చదివాను. జీతం లేకుండా రాసిన కోడ్ అని ఎవరూ అనుకోరు.

దొరకని వాటికి రిక్వెస్ట్ పెట్టొచ్చు. మన అప్‌లోడ్ లెక్కలోంచి కొంత బహుమతిగా కట్టాలి. తెచ్చినవాడికి అది వెళ్తుంది. దాని కోసం జనం పాత షాపులు, లైబ్రరీలు గాలించేవాళ్లు.

ఇదే పిచ్చి ఎంత దూరం వెళ్లిందో చెప్పే సంఘటన ఒకటుంది. అమెరికన్ రచయిత జె.డి. శాలింజర్ రాసిన ఒక కథ ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉంది. అక్కడే కూర్చుని, సిబ్బంది చూస్తుండగా చదవాలి. తను పోయాక 50 ఏళ్లు గడిచేదాకా దాన్ని ప్రచురించొద్దని షరతు. ఆయన 2010లో పోయారు. 2013 నవంబర్‌లో ఆ కథతో పాటు ఇంకో రెండు అచ్చుకాని కథలు స్కానై వాట్ డాట్ సీడీలో ప్రత్యక్షమయ్యాయి. సైట్‌లో పండగ. కానీ ఆలోచించండి, ఒక మనిషి తన రాతల గురించి స్పష్టంగా వద్దన్నాడు. పరీక్ష పాసైనవాళ్లు, ఒక్క జెరాక్స్ ఎంపీ3ని కూడా ఒప్పుకోనివాళ్లు, ఆ ఒక్క "వద్దు"ని ఒప్పుకోలేదు. ఫైల్ క్వాలిటీ మీద ఉన్న పట్టింపు, రాసినవాడి మాట మీద లేకపోయింది.

ఆ రాత్రి

2016 నవంబర్ 17న ఫ్రాన్స్ పోలీసులు సర్వర్లు పట్టుకున్నారు. అక్కడి పాటల రచయితలు, స్వరకర్తల హక్కుల సంఘం సాసెమ్ ఫిర్యాదు మీద జరిగిన దర్యాప్తు అది. సైట్ వాళ్లు మూసేస్తున్నామని ప్రకటించి, సైట్ డేటా, సభ్యుల డేటా మొత్తం నాశనం చేశామన్నారు.

సభ్యుల వైపు నుంచి చూస్తే అది మాట నిలబెట్టుకోవడం. ఓయింక్ సభ్యుల్లా ఎవరూ ఇరుక్కోకుండా లిస్టే లేకుండా చేశారు. కానీ ఆ లిస్టుతో పాటు తొమ్మిదేళ్ల కేటలాగ్ పోయింది.

మళ్లీ అన్న రూమ్‌కి వద్దాం. నేను ధైర్యం చెప్దామని "నాన్నగారి సీడీలు ఇంట్లోనే ఉన్నాయి కదా అన్నా, రిప్‌లు కూడా హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి" అన్నాను.

"పాటలు ఉన్నాయి రా" అన్నాడు. "నాన్న పక్కన కూర్చుని అడిగి రాసుకున్నవన్నీ అక్కడే టైప్ చేశాను. కాపీ పెట్టుకోలేదు."

వాళ్ల నాన్నగారు అంతకుముందు ఏడాదే పోయారు.

ఆ రాత్రి నేను "పోయింది రా" అన్నమాట విని ఎవరో పోయారనుకున్నానని చెప్పాను కదా. ఒకరకంగా నేను అనుకున్నదే కరెక్ట్.

ఫైళ్లు ఎక్కడికీ పోలేదు. బిట్‌టొరెంట్‌లో అవి సభ్యుల దగ్గరే ఉంటాయి, కొన్ని రోజుల్లోనే కొత్త సైట్లు పుట్టాయి, చాలా ఆల్బమ్‌లు మళ్లీ ఎక్కాయి. పోయింది మనుషులు వాటి గురించి రాసిందంతా. అది ఒక్క చోటే ఉంది, ఆ చోటికి తాళం ఉంది, తాళం లోపలివాళ్ల దగ్గరే ఉంది. బయటివాళ్లు ఎవరూ ఒక కాపీ తీసి పెట్టుకునే వీలే లేదు. ఏ తలుపు వల్ల అంత మంచి లైబ్రరీ తయారైందో, ఆ తలుపు వల్లే అది ఒక్క రాత్రిలో మాయమైంది.

తలుపు తీసి పెట్టినవాళ్లు

వేరే దారి లేదా అంటే, ఉంది. అదీ పాతదే.

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే బ్యాండ్ తన కచేరీల్ని అభిమానులు రికార్డ్ చేసుకోనిచ్చేది. 1984లో ఏకంగా రికార్డ్ చేసేవాళ్ల కోసం హాల్‌లో వేరే సీట్లు పెట్టింది. షరతు ఒక్కటే, పంచుకోండి గానీ అమ్మొద్దు. ఆ అభిమానులు క్యాసెట్లు పోస్ట్‌లో పంపుకునేవాళ్లు. కొత్తవాడికి ఇవ్వడానికి ఏమీ ఉండదు కదా, ఖాళీ క్యాసెట్లూ తపాలా ఖర్చులూ పంపితే చాలు, పాతవాళ్లు రికార్డ్ చేసి పంపేవాళ్లు. వాళ్లకీ క్వాలిటీ పిచ్చి ఉండేది. తొంభైల చివర్లో ఈట్రీ అనే బృందం కట్టి, ఒక్క అక్షరం పోని ఫార్మాట్లలోనే పంచుకోవాలని రూల్ పెట్టుకున్నారు.

2002లో ఈ ఈట్రీ వాళ్లూ ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్లూ కలిసి లైవ్ మ్యూజిక్ ఆర్కైవ్ మొదలుపెట్టారు. ఒప్పుకున్న బ్యాండ్లవే పెడతారు. గొడవలు రాలేదని కాదు. 2005లో గ్రేట్‌ఫుల్ డెడ్ రికార్డింగ్‌లు కొన్నాళ్లు తీసేస్తే అభిమానులు గోల పెట్టారు, చివరికి ప్రేక్షకులు రికార్డ్ చేసినవి డౌన్‌లోడ్‌కి తిరిగొచ్చాయి. ఇన్వైట్ లేదు, ఇంటర్వ్యూ లేదు. ఇప్పుడు ఈ ఎపిసోడ్ ఆపేసి మీ ఫోన్లో తెరిచినా వస్తుంది. వాళ్లదీ వాట్ డాట్ సీడీ లాంటి పిచ్చే, వాళ్లకి ఉన్నదల్లా పాడినవాళ్ల అనుమతి. అందుకే తాళం అక్కర్లేకపోయింది.

మన తెలుగులోనూ ఒక ఉదాహరణ ఉంది. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పేరుతో పాత పుస్తకాలు స్కాన్ చేశారు, అందులో తెలుగువి చాలా ఉన్నాయి. తర్వాత ఆ సైట్ ఆగిపోయింది. కానీ అది బయటికి కనపడే సైట్ కాబట్టి, అంతకుముందే కాపీలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి చేరాయి. ఈరోజు మనకి దొరుకుతున్న పాత తెలుగు పుస్తకాల్లో చాలా వాటి కథ ఇదే.

"ఇప్పుడు స్ట్రీమింగ్ ఉంది కదా బ్రో, ఇదంతా ఎందుకు" అంటారేమో. నిజమే. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది, వాట్ డాట్ సీడీ పోయింది నవంబర్‌లో. మనలో చాలామంది దాన్ని మిస్ అవ్వకపోవడానికి కారణం అదే. కానీ 2019లో స్పాటిఫై మన దేశంలో మొదలైనప్పుడు ఏమైందో గుర్తుందా? పాత హెచ్‌ఎంవీ పాటల హక్కులున్న సారెగామ కోర్టుకి వెళ్లింది, ఆ పాటలు యాప్‌లోంచి తీసేశారు. 2020లో ఒప్పందం కుదిరాక వచ్చాయి. ఆ మధ్యలో అక్కడ ఘంటసాల పాటలు వెతికితే చాలా వాటికి ఖాళీ. అద్దె ఇంట్లో ఉన్నాం, ఓనర్లు మాట్లాడుకునేదాకా సామాను బయట. పైగా పాట వచ్చినా రాసినవాడి పేరు ఉంటుందన్న గ్యారంటీ లేదు.

అన్న ఇప్పుడు పుణేలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈ ఎపిసోడ్ చేస్తానని ఫోన్ చేస్తే, పేరు చెప్పొద్దని, ఇంకో మాట చెప్పమని అన్నాడు. అది చెప్పి ముగిస్తాను.

మీ ఇంట్లో అటక మీద క్యాసెట్లో సీడీలో ఉంటే దించండి. పాటలు ఎక్కించక్కర్లేదు, ఎక్కించొద్దు కూడా. అట్ట ఫోటో తీయండి. కొన్నవాళ్లు పక్కనే ఉంటే, ఎక్కడ కొన్నారు, ఎందుకు కొన్నారు, ఏ పాట కోసం కొన్నారు అని అడిగి రాసుకోండి. రాసుకున్నది ఒక్క చోట పెట్టకండి. ఒక కాపీ చెల్లెలికో, బావకో, ఎవరికో ఒకరికి పంపండి. వాళ్లకి పరీక్ష పెట్టక్కర్లేదు.

మీ ఇంట్లో ఏం దొరికిందో కామెంట్‌లో రాయండి, నేను చదువుతాను, అన్న కూడా చదువుతాడు. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా ఉంటాను.